‘కేసులేమీ లేవు’ అన్న కాగితం

పిల్లల సంరక్షణలో పనిచేసేవారి నేరచరిత్రను పరిశీలించాలని చట్టం చెబుతోంది. యర్రగొండపాలెం వంటి చోట ఆ పరిశీలన ఎంతవరకు వెళ్లగలదు, ఎక్కడ ఆగిపోతోంది?

నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెంలోనూ, చుట్టుపక్కల పుల్లలచెరువు, త్రిపురాంతకం, పెద్దదోర్నాల మండలాల్లోనూ పిల్లల పెంపకం తల్లిదండ్రుల చేతుల్లో మాత్రమే ఉండే పరిస్థితి ఎప్పుడో పోయింది. వానలు లేని ఏడు మిర్చి కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు హైదరాబాదు, బెంగళూరు వైపు వలసపోయే కుటుంబాలు బడి ఈడు పిల్లలను సంక్షేమ వసతిగృహాల్లోనో, గురుకులాల్లోనో, కస్తూర్బా విద్యాలయాల్లోనో చేర్చి వెళ్తాయి. పాలుట్ల వంటి అడవిలోపలి గూడేల పిల్లలకు చదువు కావాలంటే ఇల్లు విడిచి ఉండడం చాలాసార్లు తప్పదు. ఊళ్లోనే ఉండే పసివారు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీలో గడుపుతారు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆయా, వార్డెన్, వంటమనిషి, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్, బడి ఆటో నడిపే మనిషి, నీళ్ల మోటారు బాగుచేయడానికి వచ్చే మెకానిక్, వీరందరికీ రోజులో ఏదో ఒక వేళ బిడ్డ దగ్గరకు వెళ్లే వీలు ఉంటుంది. అటువంటి వ్యక్తి గతంలో ఏదైనా నేరానికి పాల్పడ్డాడా అని పనిలో పెట్టుకునే ముందే విచారించడాన్ని నేరచరిత్ర పరిశీలన అంటారు. వ్యవహారంలో ‘పోలీస్ వెరిఫికేషన్’ అన్న మాటే స్థిరపడింది.

ఈ పరిశీలన నేడు సంస్థల ఇష్టానికి వదిలిన విషయం కాదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టాన్ని, అంటే అందరూ పోక్సో అని పిలిచే చట్టాన్ని, 2019లో సవరించిన తరువాత 2020 మార్చి 9న కేంద్ర ప్రభుత్వం దానికి కొత్త నిబంధనలు ప్రకటించింది. వాటిలోని 3వ నిబంధన ప్రకారం పిల్లలు ఉండే, లేదా పిల్లలతో నిత్యం సంబంధం ఉండే ఏ సంస్థ అయినా, అది బడి కావచ్చు, శిశు సంరక్షణ కేంద్రం కావచ్చు, ఆటల అకాడమీ కావచ్చు, తన సిబ్బందిలో పిల్లలతో మసలే ప్రతి ఒక్కరి విషయంలోనూ పోలీసు పరిశీలన, పూర్వాపరాల విచారణ జరిపించాలి. పాఠాలు చెప్పేవారు, చెప్పనివారు, శాశ్వత ఉద్యోగులు, కాంట్రాక్టువారు అన్న తేడా నిబంధన పాటించలేదు. ఒకసారి చేసి ఊరుకోకుండా కాలానుగుణంగా మళ్లీ మళ్లీ చేయాలని కూడా చెప్పింది. ఇంత విస్తృతంగా రాసిన నిబంధనలో రెండు కీలకమైన వెలితులున్నాయి. కాలానుగుణంగా అంటే ఎన్నేళ్లకొకసారో చెప్పలేదు. చేయించని సంస్థకు ఇదీ శిక్ష అని ఆ నిబంధనలోనే విధించలేదు. అడిగేవారు లేనిచోట ఇటువంటి నిబంధన ఫైలులో ఉండిపోవడం సహజం.

అనాథ, నిరాశ్రయ బాలల కోసం నడిచే ఆశ్రమాల విషయంలో చట్టం మరికొంత గట్టిగా ఉంది. 2015 బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద అటువంటి ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. కాకపోతే 42వ సెక్షన్ కింద నిర్వాహకులకు ఏడాది దాకా జైలుశిక్ష, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా రిజిస్ట్రేషన్ ఒక్కటే పిల్లలను కాపాడదని బీహార్‌లోని ముజఫర్‌పుర్ ఆశ్రమ గృహం ఉదంతం తేల్చిచెప్పింది. ప్రభుత్వ నిధులతో నడిచిన ఆ గృహంలో బాలికలపై సాగిన అత్యాచారాలు 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ జరిపిన తనిఖీ వల్ల బయటపడ్డాయి. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా నిర్ధారించింది. పిల్లల క్షేమం చూడవలసిన బాలల సంక్షేమ కమిటీకి చెందినవారు కూడా ఆ దోషుల్లో ఉన్నారు.

ఎవరిని సిబ్బంది అంటారు?

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఏడేళ్ల విద్యార్థి హత్యకు గురైన కొద్ది రోజులకే కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అంటే సీబీఎస్‌ఈ, తన అనుబంధ పాఠశాలలన్నీ సిబ్బందికి పోలీసు పరిశీలన, మానసిక స్థితి అంచనా జరిపించాలని ఉత్తర్వు పంపింది. బస్సు డ్రైవర్లు, కండక్టర్లు, ఇతర సహాయక సిబ్బంది విషయంలో మరింత జాగ్రత్త అవసరమని కూడా పేర్కొంది. తరువాతి సంవత్సరాల్లో జరిగిన ఘటనలు చూస్తే, సిబ్బంది అన్న మాటకు గీసిన గీత బయటే ప్రమాదం తరచుగా నిలబడి ఉందని తెలుస్తుంది. 2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాపపై అఘాయిత్యం చేసినవాడు ఉపాధ్యాయుడు కాదు. ప్రిన్సిపాల్ కారు నడిపే డ్రైవరు. బడి లోపల స్వేచ్ఛగా తిరిగే చనువు అతనికి ఆ ఉద్యోగం వల్ల వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు చిన్నారులపై అఘాయిత్యం చేశాడన్న అభియోగం ఎదుర్కొన్న వ్యక్తి కాంట్రాక్టు పద్ధతిలో ఆ నెలలోనే పనికి కుదిరిన పారిశుద్ధ్య కార్మికుడు. అదే నెలలో తమిళనాడులో, తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో, బర్గూరు సమీపాన ఒక ప్రైవేటు బడిలో ఎన్‌సీసీ శిబిరమని చెప్పి కొందరు శిక్షకులు పిల్లలను కొన్ని రాత్రులు అక్కడే ఉంచారు. ఒక బాలిక ఫిర్యాదుతో దారుణం బయటపడిన తరువాత, ఆ శిబిరంతో తమకు సంబంధమే లేదని ఎన్‌సీసీ ప్రకటించింది. వచ్చినవారు ఎవరో తెలుసుకోవడానికి ఎన్‌సీసీ కార్యాలయానికి ఒక్కసారి ఫోను చేసి ఉంటే చాలు.

యర్రగొండపాలెం ప్రాంతానికి ఈ ఉదంతాలను అన్వయిస్తే పరిశీలన జాబితా ఎంత పెద్దదో అర్థమవుతుంది. అంగన్‌వాడీ నియామకాల్లో అభ్యర్థిని స్థానికురాలై ఉండాలన్న షరతు ఉంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన నాటి నుంచి ఊరికి తెలిసిన మనిషి చేతికే పసివాళ్లను అప్పగించాలన్న ఆలోచన దానిలో ఉంది. అది మంచి ఆలోచన. ప్రభుత్వ ఉపాధ్యాయులకు, వార్డెన్లకు నియామక సమయంలో పూర్వాపరాల విచారణ ఉద్యోగ నిబంధనల్లో భాగం. వసతిగృహంలో రోజుకూలికి వచ్చే వంట సహాయకుడు, సెలవుపెట్టిన వాచ్‌మన్ బదులు వచ్చే అతని బంధువు, నలుగురు తల్లిదండ్రులు కలిసి నెలకింత అని మాట్లాడుకున్న ఆటో డ్రైవరు, ఇంట్లోనే ట్యూషన్ చెప్పే యువకుడు, వీరి సంగతి వేరు. వీరిని పనిలో పెట్టుకునేది నోటి మాట మీద. ‘తెలిసినవాడే’, ‘మనవాడే’ అన్న పూచీ చాలనుకుంటారు. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా వెలువరించే నివేదికల్లో, పోక్సో కింద నమోదైన అత్యాచార కేసుల్లో పదింటికి తొమ్మిదికి పైగా నిందితులు బాధిత బాలలకు ముందే పరిచయమున్నవారని తేలుతుండగా, తెలిసినవాడన్న పూచీ మీద బిడ్డను అప్పగించడం ఎంత బలహీనమైన రక్షణో వేరే చెప్పనక్కరలేదు.

వలస ఈ పరిశీలనను ఇంకా చిక్కుపెడుతుంది. ఠాణాలో జరిగే విచారణ ముఖ్యంగా దరఖాస్తుదారు ప్రస్తుత చిరునామా మీద ఆధారపడుతుంది. పదేళ్లు హైదరాబాదులోనో, బళ్లారిలోనో పనిచేసి తిరిగివచ్చిన మనిషి గురించి యర్రగొండపాలెం ఠాణాలో ఏమీ ఉండకపోవచ్చు. దేశంలోని పోలీసు స్టేషన్లను కంప్యూటర్ల ద్వారా కలిపే సీసీటీఎన్‌ఎస్ వ్యవస్థ ఈ లోటును కొంత తీర్చగలదు. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోం శాఖ ప్రారంభించిన లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధిలో 4.4 లక్షలకు పైగా నమోదులు ప్రారంభంలోనే ఉన్నాయి. వాటిని చూసే అధికారం మాత్రం పోలీసు, దర్యాప్తు సంస్థలకే పరిమితం. కాబట్టి ప్రధానోపాధ్యాయుడో, ఆశ్రమ నిర్వాహకుడో తానుగా ఏ జాబితానూ తెరిచి చూడలేడు; పోలీసులను అడగడమే మార్గం. అడిగేటప్పుడు గత పదేళ్ల చిరునామాలన్నీ ఇచ్చి, అక్కడి ఠాణాల నుంచి కూడా నివేదిక కోరితేనే ఆ కాగితానికి విలువ.

రాయని నేరం

ఇంత చేసినా, పరిశీలనలో దొరికేది ఎప్పుడో ఎవరో రాసిపెట్టినది మాత్రమే. ఎఫ్‌ఐఆర్, అంటే పోలీసులు నమోదు చేసే తొలి సమాచార నివేదిక, లేని నేరం ఏ కంప్యూటరులోనూ కనిపించదు. గ్రామాల్లో పిల్లలపై జరిగే నేరాలు ఠాణా గడప దాకా రాకుండా ఆగిపోయే దారి అందరికీ తెలిసినదే: ఆడపిల్ల భవిష్యత్తు, ఇంటి పరువు, కులం కట్టుబాటు అన్న మాటలు ముందుకొస్తాయి, పెద్దమనుషులు కూర్చుంటారు, ఎంతో కొంత డబ్బు ముట్టజెప్పి రాజీ కుదురుస్తారు, తప్పు చేసినవాడిని ఊరు విడిచి పొమ్మంటారు. వసతిగృహంలో అయితే అతడిని పని మాన్పించి గుట్టుగా పంపేస్తారు. అతడు మరో మండలంలో, మరో వసతిగృహంలో పని అడిగినప్పుడు ఠాణా ఇచ్చే కాగితంలో కేసులేమీ లేవనే ఉంటుంది. ఆ కాగితం అబద్ధం చెప్పదు. దాని వెనుక రాజీ కుదిర్చిన పెద్దమనుషుల సంతకాలు మాత్రం కనిపించవు.

ఈ రాజీలను చట్టం ఏనాడూ ఒప్పుకోలేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని, లేదా జరిగే ప్రమాదముందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది దాకా శిక్షతో పాటు జరిమానా ఉంటుంది. తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక బడి వసతిగృహంలోని గిరిజన బాలికలపై జరిగిన అఘాయిత్యాలను తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ఒక వైద్యుడి మీద కేసు నమోదు కాగా, హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చుతూ, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది నేరస్థులను కాపాడే ప్రయత్నమేనని స్పష్టం చేసింది. 2024 నవంబరు 7న రామ్‌జీలాల్ బైర్వా కేసులో అదే న్యాయస్థానం మరో తలుపు మూసింది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై విద్యార్థిని తండ్రి పెట్టిన పోక్సో కేసును, ఆ తండ్రి రాజీపడ్డాడన్న కారణంతో హైకోర్టు రద్దు చేసింది. ఇది ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదని, సమాజంపై జరిగిన నేరమని చెప్పి సుప్రీంకోర్టు కేసును పునరుద్ధరించింది. బిడ్డ తరఫున రాజీపడే హక్కు కన్నతండ్రికే లేనప్పుడు, పెద్దమనుషులకు ఎక్కడ నుంచి వస్తుంది?

రాసిపెట్టకపోవడం వల్ల ప్రాణాలే పోయిన ఉదంతం ఇంగ్లండులో ఉంది. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న పట్టణంలో పదేళ్ల బాలికలు ఇద్దరిని ఆ ఊరి బడిలో కేర్‌టేకర్‌గా పనిచేస్తున్న వ్యక్తి హత్య చేశాడు. అంతకుముందు వేరే ప్రాంతంలో అతనిపై లైంగిక నేరాల ఆరోపణలు పదేపదే వచ్చాయి. ఏదీ శిక్ష దాకా వెళ్లలేదు. అక్కడి పోలీసులు ఆ సమాచారాన్ని సరిగ్గా భద్రపరచలేదు. అతడు ఇంటిపేరు మార్చుకుని ఉద్యోగంలో చేరితే పరిశీలనలో ఏమీ తేలలేదు. ప్రభుత్వం నియమించిన బిచర్డ్ విచారణ సంఘం 2004 జూన్‌లో ఇచ్చిన నివేదిక ఈ లోపాలన్నింటినీ ఎత్తిచూపింది. ఆ తరువాత వచ్చిన 2006 చట్టం, 2012 డిసెంబరులో ఏర్పడిన పరిశీలన, నిషేధ సేవా సంస్థ ఒక కొత్త బాధ్యతను స్థిరపరిచాయి: పిల్లలకు హాని చేసినందుకు ఎవరినైనా పని మాన్పించిన సంస్థ ఆ సంగతిని తప్పనిసరిగా ఆ సేవా సంస్థకు తెలపాలి, విచారణలో నిజమని తేలితే అతని పేరు పిల్లలతో పనిచేయరానివారి జాబితాలో చేరుతుంది. అమెరికాలో 2014 నాటి శిశు సంరక్షణ నిధుల చట్టం ప్రకారం సంరక్షణ కేంద్రాల సిబ్బందికి వేలిముద్రలతో జాతీయ స్థాయి పరిశీలన, గత అయిదేళ్లలో నివసించిన ప్రతి రాష్ట్రంలోనూ విచారణ జరగాలి. అయిదేళ్లకొకసారి మళ్లీ చేయాలి. ఇంట్లో నడిపే డే కేర్ అయితే ఆ ఇంట్లో ఉండే వయోజనులందరినీ పరిశీలించాలి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేస్తూ పసిబిడ్డను డే కేర్‌లో వదిలే తెలుగు తల్లిదండ్రులు ఈ రక్షణను సహజమైన హక్కుగా అనుభవిస్తున్నారు. వారి చెల్లెలి బిడ్డ మార్కాపురంలో ఏ ప్లేస్కూలుకు వెళ్తున్నా అదే హక్కు ఉండాలి. పని మాన్పించిన సంగతిని తెలపాలన్న బాధ్యత, సంస్థలు అడిగి తెలుసుకోగల నిషేధ జాబితా మన చట్టంలో చేరవలసిన అత్యవసర అంశాలు.

రాసినదంతా నేరమూ కాదు

పోలీసు దస్త్రాన్ని గుడ్డిగా నమ్మడంలో మరో అపాయం ఉంది. దాని చేదు తెలుగు నేలకు బాగా తెలుసు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా చూసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి వచ్చాక ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు వేయించుకుని, అనుమతి లేనిదే కదలనివ్వలేదు. 1952లో చట్టం రద్దయినా మచ్చ మాత్రం చాలాకాలం పోలేదు. నల్లమల చుట్టూ నేటికీ పేదల మీద ఉండే కేసులు కొన్ని ప్రత్యేకమైనవి: పులుల అభయారణ్యంలోకి వెళ్లి కట్టెలో, అటవీ ఫలసాయమో తెచ్చుకున్నందుకు అటవీ కేసులు, నాటుసారా కేసులు, ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసులు. చెంచు మహిళ ఒకరు వసతిగృహంలో వంటకు కుదరబోతే, ఆమె మీద అటవీ కేసు ఉందన్న కారణంతో తిప్పిపంపడం పిల్లల రక్షణ కాదు, పేదరికానికి విధించిన శిక్ష. పరిశీలనలో చూడవలసింది నేర స్వభావం: పిల్లలపై హింస, లైంగిక నేరాలు, అపహరణ, మనుషుల అక్రమ రవాణా వంటివి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఉద్యోగ నియామకాల్లో పాత కేసు స్వభావాన్ని, తీవ్రతను, దాని ఫలితాన్ని, అభ్యర్థి దాన్ని నిజాయితీగా వెల్లడించాడా లేదా అన్నదాన్ని తూచి చూడాలని చెప్పింది. బాల్యంలో తప్పుచేసి బాల న్యాయ చట్టం కింద విచారణ ఎదుర్కొన్నవారికి, అత్యల్ప మినహాయింపులతో, ఆ మచ్చ అనర్హత కారాదని 24వ సెక్షన్ చెబుతుంది. పిల్లల కోసం రాసిన చట్టమే ఎదిగిన పిల్లలకు తలుపు మూయకూడదు.

ఇక ఈ ప్రాంతంలో చేయదగినది చాలానే ఉంది, దానికి కొత్త చట్టం కోసం ఆగనక్కరలేదు. ప్రతి బడి, వసతిగృహం, అంగన్‌వాడీ ఆవరణలోకి వచ్చే ప్రతి వయోజనుడి పేరు, పాత చిరునామాలు, అంతకుముందు పనిచేసిన చోటు ఒక రిజిస్టరులో ఉండాలి. ఆటో డ్రైవర్లు, బదులుకు వచ్చేవారు కూడా అందులోకి రావాలి. పాత యజమానికి ఫోను చేసి ఎందుకు మానేశాడు, మళ్లీ పిల్లల దగ్గర పనిలో పెట్టుకుంటారా అని అడగడం పోలీసు నివేదిక కన్నా ముందే జరగాలి, ఎందుకంటే రాజీతో ముగిసిన గతం ఆ ఫోనులోనే కొంతైనా బయటపడే అవకాశముంది. ఆ నివేదిక సంస్థాధిపతి దగ్గర గోప్యంగా ఉండాలి. ఊరి అరుగుల మీద చర్చకు రాకూడదు. 2025 అక్టోబరులో తునిలో ఒక వృద్ధుడు బంధువునని చెప్పి గురుకుల బాలికను బయటకు తీసుకెళ్లిన ఘటన గుర్తుచేసినట్లు, పరిశీలనకు అందని బయటివారి నుంచి కాపాడేది గేటు దగ్గరి పుస్తకం, ఫొటోతో సరిచూసే గుర్తింపు, తల్లిదండ్రులకు ముందుగా చేసే ఫోను. వలసపోయిన తల్లి బిడ్డను కోతల కాలమంతా చూడలేదు. ఆమె ఫోను నంబరు ఆ పుస్తకంలో ఉండడం, ఆ నంబరుకు వార్డెన్ ఫోను చేయడం ఆమె హక్కులు.

ఒంగోలు జిల్లా కేంద్రంగా ఉన్నన్నాళ్లూ బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలంటే యర్రగొండపాలెం వాసులు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి వచ్చేది. మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడినందున, ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ కమిటీ ఉండాలన్న బాల న్యాయ చట్టం 27వ సెక్షన్ ఇక్కడ పూర్తిగా అమలు కావాలి. ఆ కమిటీ సభ్యులు దోర్నాల, పుల్లలచెరువు వసతిగృహాలకు చెప్పకుండా వెళ్లి పిల్లలతో విడిగా మాట్లాడాలి.

బడులు తెరిచే జూన్ 12న తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ ఏడాది మా పిల్లల దగ్గర ఉండేవారి పరిశీలన చేయించారా? విద్యా హక్కు చట్టం కింద ఏర్పడిన పాఠశాల యాజమాన్య కమిటీల్లో అత్యధికులు తల్లిదండ్రులే కాబట్టి ఆ ప్రశ్నను తీర్మానంగా రాయించడం వారి చేతిలో పని. ఏడాది మధ్యలో ఏ బిడ్డ మాటలోనైనా అనుమానం తోస్తే పంచాయితీకి వెళ్లవద్దు. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. సద్భావంతో సమాచారమిచ్చినవారిపై ఎటువంటి కేసూ ఉండదని పోక్సో 19వ సెక్షన్ హామీ ఇస్తోంది.